దుకాణం ముడి

మళ్ళీ కిర్రుమంది తాడు. తాను కదిలితే గదా కిర్రుమనాలి, కదల్లేదే అనుకున్నాడు రాంచందర్, చారల పరుపుగుడ్డ ఉయ్యాలలో వెల్లకిలా పడుకుని, సగం ఊపిరి పీల్చి సగం లోపలే దాచుకుంటూ. తిన్నది అరగలేదు. ఏలియా వండిన వంకాయ కూర రెండుసార్లు అడిగి వేయించుకున్నాడు, దాంతోపాటు నవ్వాడు కూడా, కూరైతే కిందికి దిగింది గానీ ఆ నవ్వు దిగలేదు. ఏటూరునాగారంలో బస్సు దిగి మూడు గంటలు నడిస్తే వచ్చే వాగు ఒడ్డు, డిసెంబరు ఎండ, మద్దిచెట్ల మధ్య మూడు ఉయ్యాలలు. ఒకదాంట్లో భాస్కర్, కాజీపేటలో రైల్వే గార్డు, చిన్నప్పటి దోస్తు, ఒరిగిన రెండో నిమిషానికే గుర్రు పెట్టాడు. ఇంకోదాంట్లో రాజేశ్వర్ రావు, ఈ ఏడే హన్మకొండకు బదిలీ మీద వచ్చిన బ్యాంకు ఆఫీసరు, ముఖం మీద టోపీ బోర్లించుకుని ఉన్నాడు. మూడోదాంట్లో తను, వరంగల్ చౌరస్తా దగ్గర బట్టల దుకాణం సేటు, ముప్ఫైతొమ్మిదేళ్ళు, ఉయ్యాల అంచుమీదికి పొర్లుతున్న బొజ్జ. నాలుగోవాడు ఏలియా. అతనికి ఉయ్యాల లేదు. పొయ్యి దగ్గర నేలమీద కూర్చుని, వంకరపోయిన కుడిచేత్తో గిన్నెను అదిమిపట్టి, ఎడమచేత్తో బూడిద వేసి తోముతున్నాడు. ఆ గరగర వినబడుతూనే ఉంది. అది ఆగిపోయాక టీ నీళ్ళు పెడతాడు. టీ తాగినంక ఫైనల్ చేద్దాం అన్నాడు రాజేశ్వర్ రావు. అంటే ఒక గంట. ఈ గంట దాటేలోపల రాంచందర్ ఒక మాట చెప్పాలి. పదకొండేళ్ళ కిందనే చెప్పవలసిన మాట.

భోజనాల దగ్గర మొదలైంది ఇదంతా. బ్యాంకువాళ్ళు, పక్క ఆఫీసువాళ్ళు కలిసి పన్నెండుమంది జట్టు కడుతున్నారు, నెలకోసారి సంచి భుజాన వేసుకుని అడవికి పోవడం, అలిసిన చోట చెట్లకు ఉయ్యాలలు కట్టుకుని పడుకోవడం, పొద్దున లేచి మళ్ళీ నడవడం. పన్నెండు ఉయ్యాలలు కుట్టించాలి. "గుడ్డ సేటు దగ్గర్నే తీసుకుందాం, కుట్టుడు హైదరాబాద్‌ల ఇద్దాం" అన్నాడు రాజేశ్వర్ రావు. "హైదరాబాద్ ఎందుకు సార్, ఏలియా ఉన్నడు గద" అన్నాడు భాస్కర్. దానికి రాజేశ్వర్ రావు నోట్లో ముద్ద అటుండగానే పకపకా నవ్వి, "అమ్మో, ఏలియా కుట్టా! నేనొచ్చి ఆరు నెలలు గాలె, నాక్కూడ తెల్సిపాయె ఆ ముచ్చట. కుట్టినోన్నే కిందపడేసిన కుట్టంట గద!" అన్నాడు. మనిషిలో చెడ్డతనం లేదు, నలుగురూ అనుకునేది తనూ అన్నాడు. భాస్కర్ నవ్వాడు. రాంచందర్ నవ్వాడు, అందరికంటే ముందే నవ్వాడు, గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకున్నట్టు. ఏలియా కూడా చిన్నగా నవ్వి, పచ్చిపులుసు గరిటె ఎడమచేత్తో పట్టుకుని, "అవు సార్, ఆ ముచ్చట అందరికెర్కనే" అన్నాడు, అని రాంచందర్ ఆకులో పోశాడు. పోస్తూ ఒక్క లిప్త ముఖంలోకి చూశాడు. చూశాడా? చూసినట్టు తనకే అనిపించిందా? ఆ పులుసు ఉప్పగా ఉందో పుల్లగా ఉందో కూడా తెలియలేదు.

తర్వాత ఏలియానే వచ్చి మూడు ఉయ్యాలలూ కట్టాడు. ఎడమచేయి, పళ్ళు, నడుమ నడుమ మోకాలు, వాటితోనే కట్టాడు. రాంచందర్ ఉయ్యాల చివరికి కట్టి, కాళ్ళవైపు చెట్టు చుట్టూ తాడు తిప్పి, ముడి చెట్టు వెనక పక్కకు పడేట్టు వేశాడు, వేసి చేతులు దులుపుకుని, "పండుకోండ్రి సేటూ" అన్నాడు. అంతే. ఆ ముడి ఇక్కడినుంచి కనబడదు. మెడ ఎంత ఎత్తినా మాను, మాను మీద చీమలబారు, అంతే. ఏం ముడి వేశాడు? అడగొచ్చు. అడిగితే ఎందుకు అడుగుతున్నావంటాడు. లేచి చూడొచ్చు. లేస్తే చూశాడని తెలుస్తుంది. దొంగకు తేలు కుట్టినట్టు అంటారు చూడు, పదకొండేళ్ళుగా ఆ తేలు కుడుతూనే ఉంది, ఈయనేమో నోరు మూసుకుని తానులు కొలుస్తూనే ఉన్నాడు. కింద బండలు. వాగు ఒడ్డు బండలు, ఆ రోజు లాంటివే. ఆ రోజూ ఇదే వేళ.

ఉయ్యాలలు మొదలైంది మాత్రం నవ్వులతోనే. డెబ్భైమూడో డెబ్భైనాలుగో, భాస్కర్ సికింద్రాబాదులో మిలిటరీ పాత సామాను అమ్మే చోట ఒక వల ఉయ్యాల కొనుక్కొచ్చాడు. దుకాణం తలుపులు సగం దించి, బల్లమీద పరిచి, ముగ్గురూ దానిచుట్టూ కూర్చున్నారు. అప్పటికి వాళ్ళ తిరుగుళ్ళు సంచీ, దుప్పటి, గోనెపట్టాతో సాగేవి. పాఖాల పోయేవాళ్ళు, లక్నవరం పోయేవాళ్ళు, వాన పడితే ఏదో ఊరి బడి అరుగు మీద ముడుచుకునేవాళ్ళు. పోయే ముందు వారమంతా ఆ ప్లానుతోనే సరిపోయేది, అసలు పోవడం కంటే అదే బాగుండేదేమో. ఎవరు బియ్యం, ఎవరు బిందె, ఎవరు టార్చిలైటు అని రాంచందర్ బిల్లుబుక్కు వెనకవైపు రాసేవాడు, రాసిందాంట్లో సగం ఇంట్లోనే మరిచిపోయేవాళ్ళు. ఏలియా ఆ వలను అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "ఇది వీపుకు గుచ్చుకుంటది, గుడ్డతోని కుట్టొచ్చు, రెండు దిక్కుల లంగకు నేఫ కుట్టినట్టు కుట్టి నాడా జాగల తాడు ఎక్కిస్తె అయిపాయె" అన్నాడు. ఆ చేయి అప్పుడు ఎంత చక్కని చేయి! బజారులో పెద్ద టైలరు దుకాణంలో కోట్లు కత్తిరించేది ఏలియానే, ఎనిమిదో తరగతిదాకా తనతో ఒకే బెంచీమీద కూర్చున్న ఏలియా, అంత బరువు కత్తెర ఆ చేతిలో పక్షి ఎగిరినట్టు పోయేది. నాలుగే నాలుగు రోజుల్లో నాలుగు కుట్టాడు, ముగ్గురికి మూడు, ఎక్కువకొకటి, అమ్ముడుపోని నీలిచారల పరుపుగుడ్డతో. అమ్మ చూసి, "ముప్ఫై ఏండ్లు వస్తాన్నయ్, ఇప్పుడు తొట్టెలు కావల్సి వచ్చినయా కొడుకా" అంది. అమ్మకు వంట భాస్కర్ చేస్తాడని చెప్పాడు. ఏలియా చేస్తాడని చెబితే తినేది తనే గానీ, వారంరోజులు ముఖం ముడుచుకునేది అమ్మ. అడవిలో ఏలియా చేతి వంట తిని, ఇంటికొచ్చి భాస్కర్ పేరు చెప్పడం. ఏమంత పెద్ద అబద్ధం అనుకున్నాడు అప్పుడు. చిన్నదానితోనే అలవాటవుతుంది మనిషికి.

అడవిలో మాత్రం ఏలియా "అరేయ్ రాంచందర్" అనేవాడు. దుకాణం మెట్టెక్కితే "సేటూ", బస్సు ములుగు దాటితే "అరేయ్". ఎవరూ చెప్పలేదు, నియమమేం పెట్టుకోలేదు, ములుగు దాటగానే ఆ మాట దానంతట అదే వచ్చేది, వింటే ఎంతో హాయిగా ఉండేది, చెప్పులు విప్పి కాళ్ళు వాగులో పెట్టినట్టు. నిన్న బస్సు ములుగు దాటింది. రాంచందర్ కిటికీ దగ్గర కూర్చుని చెవులు రిక్కించి ఎదురుచూశాడు. పస్రా దాటింది, తాడ్వాయి దాటింది. "సేటూ, మీ సంచి ఇటియ్యుండ్రి, నేను పట్టుకుంట" అన్నాడు ఏలియా. పదకొండేళ్ళ తర్వాత మళ్ళీ కలిసి వస్తున్నారు గదా, భాస్కర్ కాజీపేటకు తిరిగి బదిలీ అయి వచ్చి, పాత ఉయ్యాలలు ఉన్నాయా అని అడిగి, ఏలియాను ఇంటికి పోయి మరీ లాక్కొచ్చాడు గదా, కానీ జట్టులో ఒకడిగా రాలేదు ఏలియా. వంటకు వచ్చాడు. భాస్కర్‌కు అది తట్టనే లేదు. రాంచందర్‌కు తట్టింది, తట్టినా సంచి ఇచ్చాడు. ఇచ్చేశాడు, చూశారా! సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోతుంటే కూడా చేతులు మాత్రం సేటు చేతులే.

ఆ చేతులే చేశాయి ఆ రోజు. చేతులమీద పెట్టి తప్పించుకోవడం కూడా సిగ్గుమాలిన పనే, కానీ నిజం అదే. వాళ్ళ దుకాణానికో ముడి ఉంది. తాత వేసేవాడు, నాయన వేసేవాడు, చెవి మెలేసి మరీ నేర్పాడు. పొట్లం చుట్టూ పురికొస రెండు వైపులా తిప్పి, కొసను మడిచి, మడతనే ముడిలో దూర్చి బిగించాలి. దారి పొడుగునా సడలదు. ఇంటికి పోయి కొస పట్టుకుని ఒక్కసారి గుంజితే చాలు, మొత్తం విచ్చుకుంటుంది. "గిరాకి ఇంటికివొయి ముడి రాక కత్తెర ఎతుక్కునుడు, పంటితోని కొరుకుడు, అది మనకు పాపంరా" అనేవాడు నాయన. పండగల రోజుల్లో రోజుకు రెండొందలు వేసేవాడు రాంచందర్, గిరాకితో మాట్లాడుతూ, మీటరు కర్ర చూస్తూ, చూపు అటుండగానే చేతులు వేసేసేవి. వర్ధన్నపేట నుంచి, రఘునాథపల్లి నుంచి పెళ్ళిబట్టలకొచ్చేవాళ్ళు, ఆ ముడి చూసి ఫలానా దుకాణం పొట్లం అని గుర్తుపట్టేవాళ్ళు. ఎంత గర్వంగా ఉండేదో.

ఆ మధ్యాహ్నం ఏలియా గిన్నెలు తోముతున్నాడు. ఇట్లాగే. అప్పుడు అందరూ వంతులవారీగా తోమేవాళ్ళు, ఆ రోజు వంతు ఏలియాది, అతని ఉయ్యాల ఇంకా కట్టలేదు. ముడులు తనే చూస్తానని, తాను చూసినంకనే ఎవరైనా ఎక్కాలని ప్లానులో రాసింది రాంచందరే, లీడరు గదా మరి. "నేను కడతరా నీది" అన్నాడు. దుకాణం ముచ్చట ఏదో చెబుతూ కట్టాడు. ఏం ముచ్చటో కూడా గుర్తుంది, ఒక ముసలామె చీర ఎంచుకోలేక పొద్దంతా కూర్చున్న ముచ్చట. భాస్కర్ నవ్వుతున్నాడు. తాను నవ్విస్తున్నాడు. చేతులు కట్టేశాయి. ఏలియా వచ్చి, తడిచేతులు లాగుకు తుడుచుకుని, "అరేయ్ రాంచందర్, నా పానం నీ చేతుల పెడ్తాన" అని నవ్వుతూ ఎక్కాడు. కాసేపు ఊగాడు. ఊగిన కొద్దీ కొస కొంచెం కొంచెం జారి ఉంటుంది. పడ్డ చప్పుడు పెద్దదేం కాదు. గుడ్డ తాను బల్లమీద వేసినంత చప్పుడు. తర్వాత ఏలియా కేక.

భాస్కర్ అతన్ని లేపి వాగు ఇసుకలోకి చేర్చాడు, కుడిచేయి మణికట్టు దగ్గర అటువైపు తిరిగి ఉంది. "సామాను సదురు జల్ది" అని అరిచాడు భాస్కర్. రాంచందర్ చెట్టు దగ్గరికి పోయాడు. తాడు నేలమీద ఉంది. సాపుగా. ఒక్క మెలిక లేకుండా, ఎవరో గుంజి విప్పిన పొట్లం పురికొసలా. ముందు చేతులకు తెలిసింది, తర్వాత తనకు తెలిసింది. భయం వేసింది, అంతే, దానికి ఇంకో పేరు పెట్టి లాభం లేదు. ఏం భయం? ఏలియా చచ్చిపోతాడనా? కాదు. చేయి పోయిందనా? అదీ కాదు. ముడి కట్టింది నువ్వు కదా అని భాస్కర్ అంటాడని, చౌరస్తాలో నలుగురూ అంటారని, నాయన వింటాడని. తాడెత్తి మానుచుట్టూ తిప్పి మూడు గట్టి ముడులు వేశాడు. ఆపైన, అయ్యో, ఆపైన చేసింది తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళంతా చెమట పడుతుంది. తాడు చెట్టుకు ఉంటే మనిషి ఎట్లా పడతాడు? నేఫ పక్కన గుడ్డను పంటితో కొరికి, రెండు చేతులా పట్టుకుని జర్రున చింపాడు. గుడ్డ చింపడం పుట్టిన దగ్గర్నుంచీ తెలుసు. తాడు నేఫలోంచి బయటికి వచ్చి వేలాడింది. భాస్కర్ పరుగెత్తుకొచ్చి, "ఏమైందిరా" అన్నాడు. "కుట్టు వొయినట్టున్నది" అన్నాడు రాంచందర్. రెండు మాటలు.

ఎద్దులబండి దొరికింది, రోడ్డుదాకా. భాస్కర్ ఆ చినిగిన ఉయ్యాలనే మడతలుపెట్టి ఏలియా మెడలో వేసి చేతికి ఆసరా కట్టాడు. నేఫ ఉన్న వైపు ముఖానికి ఎదురుగా వచ్చింది. ఏలియా పళ్ళు బిగబట్టి అడిగాడు, "తాడు చెట్టుకే ఉన్నదా?" భాస్కర్ చెప్పాడు, "ఉన్నదిరా, మూడు ముళ్ళతోని గట్టిగున్నది, కుట్టే దగా చేసింది." ఏలియా దారి పొడుగునా తల వంచి ఆ గుడ్డనే చూశాడు. నొప్పికి తల వంచాడులే అని రాంచందర్ తనకు తాను చెప్పుకున్నాడు, ఆ రోజు చెప్పుకున్నాడు, మర్నాడు చెప్పుకున్నాడు, ఇన్నేళ్ళూ చెప్పుకుంటూనే ఉన్నాడు. నొప్పికే తల వంచాడు. నొప్పికే.

ఎముక అతుక్కుంది, వంకరగా అతుక్కుంది. కత్తెర పట్టలేకపోయాడు. అయినా కుట్టేవాడేమో, చిన్నపని ఏదన్నా ఎడమచేత్తో నేర్చుకునేవాడేమో, చేయి ఒక్కటే పోతే. పేరు పోయింది. ఎట్లా పోయింది? రాంచందర్ అమ్ముడుబోయే సరుకు అమ్మినట్టు అమ్మాడు ఆ కథను. గిరాకీలు అడిగారు, ఏలియాకు ఏమైందట అని. చెప్పాడు. ఒకసారి చెప్పిన అబద్ధం ఊరుకోదు, మేత అడుగుతుంది. రెండోసారి కొంచెం నవ్వు కలిపాడు, మూడోసారికి అది ఒక ముచ్చటైంది, టైలరు కుట్టు టైలరునే కింద పడేసిందట. ఏడాది తిరిగేసరికి బజారులో గుండీ ఊడితే ఏలియా కుట్టు, చెప్పు తెగితే ఏలియా కుట్టు, మంత్రులు మాట తప్పితే కూడా ఏలియా కుట్టు. ఏలియా పనిచేసిన దుకాణం ఆయన అతన్ని రావద్దన్నాడు. అతని భార్య మార్తమ్మ మిషను కొనుక్కుని లంగాలు కుట్టడం మొదలుపెడితే, "మీ ఆయన ముట్టుకోడు గద?" అని అడిగి మరీ ఇచ్చేవాళ్ళు. ఒకసారి మార్తమ్మ లంగాల గుడ్డకు వచ్చింది. అక్కడ కూర్చున్న ఇద్దరు ఆ ముచ్చటే తీసి నవ్వుకుంటున్నారు, ఆమెవరో తెలియక. ఆమె వాళ్ళ వైపు తిరగలేదు. రాంచందర్ వైపే చూసి, "పెండ్లినాటి సంది ఆయన కుట్టినయే కట్టుకుంటాన సేటూ. ఒక్క కుట్టు ఊడలె. వాళ్ళకేం ఎరుక, మీకు ఎరుకే గద" అంది. ఎరుకే తల్లీ, నాకే ఎరుక. గుడ్డ కొలిచాడు, చింపాడు, పొట్లం కట్టాడు. ఏ ముడి వేశాడో వేరే చెప్పాలా. ఆమె మెట్లు దిగిపోయేదాకా తలెత్తలేదు. ఆ రోజు పరుగెత్తి ఆమెను ఆపి ఉంటే! ఎన్ని "ఉంటే"లు. నాయన పోయినప్పుడు ఏలియా పాడె వెంట నడిచాడు, అప్పుడు చెప్పి ఉంటే. ప్రతి క్రిస్మస్‌కు మార్తమ్మ పంపే పిండివంట, రోజ్‌కుక్కుల డబ్బా, ఖాళీ డబ్బాతోపాటు ఆ మాట పంపి ఉంటే.

గరగర ఆగింది. గిన్నెలు అయిపోయాయి. పుల్లలు విరుస్తున్న చప్పుడు. టీ నీళ్ళు. పక్క ఉయ్యాలలో రాజేశ్వర్ రావు ఒత్తిగిల్లాడు, తొంభై కిలోల మనిషి, ఉయ్యాల ఇంత సాగి మళ్ళీ నిలబడింది. రాంచందర్ చూపు దాని నేఫ దగ్గర ఆగింది. దగ్గర దగ్గరగా, చీమల వరసలా, రెండు వరసల కుట్టు. నాలుగు కుట్టాడు ఏలియా, ఒకటి పోయింది, మిగిలిన మూడూ ఇవే. పదకొండేళ్ళు అటకమీద ఎలుకల మధ్య పడి ఉండి, దులిపి తెచ్చి కడితే, ఒక్క పోగు కదలలేదు. ఏలియా కుట్టు మీద పడుకునే ఏలియా కుట్టును చూసి నవ్వాడు రాజేశ్వర్ రావు. తను కూడా దాని మీదే పడుకున్నాడు. వీపుకింద, నడుము కింద, ఈ ఇంత బొజ్జ కింద. ఏం మనిషివయ్యా రాంచందరూ, నిన్ను మోస్తున్నదాన్నే తిట్టిస్తివి. కళ్ళు మూసుకున్నాడు. మూసుకుంటే బండి. తెరిస్తే మద్ది ఆకులు. వంటకు పిలిపించుకుని, సంచి మోయించుకుని, ఎదురుగానే నవ్వించి. ఇప్పుడు కింద పడితే బాగుండుననిపించింది. ఏలియా దుకాణం ముడే వేసి ఉంటే, ఒక్క ఊపుతో ఈ నడుము విరిగితే, అప్పుడు చెప్పనవసరం లేదు గదా. చూశావా, అందులో కూడా తప్పించుకునే దారే వెతుకుతున్నాడు! నడుము విరగ్గొట్టుకునైనా సరే నోరు విప్పొద్దట. తన మీద తనకే రోత పుట్టింది. కాళ్ళు కిందికి దించాడు. ఉయ్యాల ఊగింది, తాడు కిర్రుమంది, పట్టుకునే ఉంది. బండమీద వట్టి పాదాలు పెట్టి, చెట్టు చుట్టూ నడిచాడు.

ముడి చూడగానే గుర్తుపట్టాడు. తాతది, నాయనది, తనది. తాడు రెండు చుట్లు, కొస మడత, మడత దూర్చి బిగింపు. అచ్చం దుకాణం ముడి. ఒక్కటే తేడా. ఆ మడతలోంచి చిటికెనవేలంత పుల్ల ఒకటి అడ్డంగా దూర్చి ఉంది. కొస ఎంత జారినా పుల్ల దగ్గర ఆగుతుంది. ఎవరు ఎంత ఊగినా ఊడదు. మాను పట్టుకున్నాడు. చీమలు చేతిమీదికి పాకుతున్నాయి.

"పుల్ల తియ్యకుండ్రి సేటూ" అంది వెనకనుంచి గొంతు. ఏలియా టీ పొడి డబ్బా చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. "తీస్తె ఉత్తగనె ఊడొస్తది. మీ ముడి మంచి ముడే. కొసకొక పుల్ల పెడితె సాలు."

"ఎప్పటిసంది ఎరుక నీకు?" అన్నాడు రాంచందర్ మాను వదలకుండానే.

"బండ్లె కూసున్నప్పటి సంది. కుట్టువోతె దారం తెగుతది, గుడ్డ చినగదు. పంటి గాటు గూడ ఉండె."

"అడగకపోతివి మరి."

"అడిగితె చెప్పుడు ఏం చెప్పుడు?" కోపంగా అనలేదు, అదే భరించరానిదిగా ఉంది. "మీరే చెప్తరని సూసిన. దవాఖానకు వచ్చినప్పుడు చెప్తరనుకున్న. పండుగకు వస్తరేమో, మార్తమ్మ ముందట చెప్తరేమో అనుకున్న. తర్వాత సూసుడు బందుపెట్టిన. నీళ్ళు మసులుతానయ్, రాండ్రి." పోయాడు.

టీ గ్లాసులు నాలుగు. రాజేశ్వర్ రావు ఆవులిస్తూ వచ్చి కూర్చున్నాడు, భాస్కర్ కళ్ళు నులుముకుంటూ వచ్చాడు. రాంచందర్ గ్లాసు పట్టుకున్నాడు, కాలుతోంది, కాలనీ అని పట్టుకున్నాడు. "మంచిగ నిద్రవట్టింది పో" అన్నాడు రాజేశ్వర్ రావు, "ఇగ ఫైనలేనా భాస్కర్? హైదరాబాద్‌కు ఇద్దామా?" భాస్కర్, "నాదేమున్నది సార్, సేటు ఏమంటడో" అన్నాడు. అందరూ తనవైపు తిరిగారు. ఏలియా తిరగలేదు, పొయ్యిలో పుల్ల ముందుకు తోశాడు. నాలుక ఇంత మందంగా, ఎవరిదో నాలుకలా ఉంది. గ్లాసులోకి చూస్తూ అన్నాడు, "ఆ దినం కుట్టు వోలె. ముడి నాది. గుడ్డ నేనే చింపిన." అన్నాడు గానీ, టీ ఆవిరికి తప్ప ఇంకెవరికీ తగిలినట్టు లేదు ఆ మాట.

"ఏంది, గొణుగుతానవ్?" అన్నాడు భాస్కర్, చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని.

ఏలియా పొయ్యిమీంచి తలెత్తాడు. ఈసారి నేరుగా చూశాడు, ఒకే బెంచీమీద కూర్చున్నప్పుడు చూసినట్టు.

"జర గట్టిగ చెప్పురా రాంచందర్" అన్నాడు. "వాళ్ళకు వినవడలె."

రాంచందర్ గ్లాసు కింద పెట్టి, లేచి నిలబడ్డాడు.